ఉలుకూ పలుకూ లేనంత మాత్రాన

2021 సెప్టెంబర్ 10 రాత్రి హైదరాబాద్ మాదాపూర్ తీగల వంతెన దగ్గర బైక్ జారి నటుడు సాయిధరమ్ తేజ్ స్పృహ తప్పారన్న వార్త రాగానే అందరూ ఎదురుచూసింది ఒక్క మాట కోసం: తెలివొచ్చిందా, లేదా? ఆయన కోలుకుని మళ్లీ సినిమాల్లోకి వచ్చారు. ఏ ఐసీయూ బయటైనా బంధువుల ప్రశ్న అదే. దానికి అవుననో కాదనో జవాబు ఉంటుందన్న నమ్మకమూ అదే. నిజానికి డాక్టరు చూడగలిగేది స్పృహను కాదు, స్పందనను. ‘ఉలుకూ పలుకూ లేదు’ అన్న మన మాట ఈ విషయంలో చాలా కచ్చితమైనది, కనబడేదాన్నే చెబుతుంది. లోపల ఎరుక ఉందా లేదా అన్నది కూడా దాన్నిబట్టే తేల్చేసినప్పుడు పొరపాటు మొదలవుతుంది.

1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ రూపొందించిన గ్లాస్గో కోమా స్కేల్ కొలిచేదీ సరిగ్గా ఆ ఉలుకునూ పలుకునూ. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏ స్పందనా లేకపోయినా ఒక్కోదానికి 1 చొప్పున 3 వస్తుంది, సున్నా లేదు. 8, అంతకు తక్కువైతే తలగాయం తీవ్రమైనదని లెక్క. శ్వాసకు గొట్టం వేసే ఆలోచన మొదలవుతుంది. గొట్టం వేశాక మాటను పరీక్షించలేం. మత్తుమందు ఇస్తే మిగతా రెండూ మందగిస్తాయి. మాదాపూర్ లాంటి చోట ఇంకో చిక్కుంది. పూర్తి మార్కులు రావాలంటే రోగి తన పేరు, ఉన్న చోటు, నెల చెప్పాలి, చెప్పినట్టు చెయ్యి ఎత్తాలి. ఇక్కడి టవర్లు కట్టేవాళ్లలో ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవారున్నారు. వాటిలో కోడ్ రాసేవాళ్లది దేశం నలుమూలలా. అర్థంకాని భాషలో అడిగితే ఆరోగ్యవంతుడూ చెయ్యి ఎత్తడు. అలా పోయిన మార్కు మాత్రం దెబ్బతిన్న మెదడు ఖాతాలోకే వెళ్తుంది.

నెలల తరబడి అలాగే ఉండిపోయేవారి విషయంలో ఈ పొరపాటు ఇంకా బరువైనది. కళ్లు తెరుచుకుంటాయి, నిద్రా మెలకువా ఉంటాయి, ఎరుక ఉన్న జాడ మాత్రం కనిపించదు. దీన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. చికిత్స బృందం ఏకాభిప్రాయంతో ఈ స్థితేనని తేల్చిన 44 మందిని 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ప్రామాణిక పరీక్షతో మళ్లీ చూస్తే 18 మందిలో ఎరుక ఆనవాళ్లు దొరికాయి. చూపు కదలికను పరీక్షించడానికి అద్దం పట్టుకోమంటుంది ఆ పరీక్ష. వేరే వస్తువు వెంట వెళ్లని కళ్లు తమ ముఖం వెంట వెళ్లవచ్చు. ఎరుక వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి రెండు వారాల్లో కనీసం ఐదుసార్లు చూడాలని 2017లో పరిశోధకులు సూచించారు. అన్నిసార్లు పక్కనుండి చూడగలిగేది ఇంటివాళ్లే. కన్నవాళ్లకు లేనిది కూడా ఉన్నట్టు కనిపిస్తుంది కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అరచేతిలో వేలు పెడితే పిడికిలి బిగుసుకోవడం వట్టి రిఫ్లెక్స్ కావచ్చు. అంతమాత్రాన తల్లిని బయటికి పంపనక్కర్లేదు; ఆమె చూసినదాన్ని పరీక్షగా మార్చాలి. ఆమె గొంతుతో, ఆమె భాషలో ‘పట్టుకో’ అనిపించాక ‘వదులు’ అని కూడా అనిపించాలి. అడిగినప్పుడల్లా వదలడం రిఫ్లెక్స్‌కు చేతకాదు.

ఇదంతా తీరని ఆశకు నీళ్లు పోయడం కాదా అనవచ్చు. ఆశకు చోటులేని స్థితి వేరే ఉంది, దాని పరీక్షలూ వేరు. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్లు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు చూసి ధ్రువీకరించాలి. కనుపాపలు వెలుగుకు కదలవు, వెంటిలేటర్ ఆపి చూస్తే ఊపిరి ఉండదు. అవయవదాన పథకం జీవన్‌దాన్ కింద అవయవాలు తీసుకునేది ఆ ధ్రువీకరణ తర్వాతే. కోమానూ బ్రెయిన్ డెత్‌నూ ఒకే గాటన కట్టకూడదు.

మరి ఎరుక ఉందో లేదో యంత్రాన్నే అడగకూడదా? 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, వెజిటేటివ్ స్టేట్‌లో ఉన్నదనుకున్న యువతిని స్కానర్‌లో పడుకోబెట్టి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగం చురుగ్గా ఉంటుందో ఆమెలోనూ అదే మేల్కొంది. 2024లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో, చెప్పింది చేయని 241 మందిలో 60 మంది మెదళ్లు స్కానర్‌లోనో ఈఈజీలోనో ఇలాగే జవాబిచ్చాయి. కానీ అదే అధ్యయనంలో, మంచం పక్కన చెప్పింది కళ్లముందే చేసి చూపిన 112 మందిలో యంత్రాలు పసిగట్టింది 43 మందినే. ఎరుక ఉందని యంత్రం అంటే నమ్మవచ్చు. ఏమీ చూపకపోతే మాత్రం, ‘వదులు’ అనగానే వేళ్లు విప్పిన మనిషిలో ఎరుక లేదనడానికి ఆ ఖాళీ స్కాన్ చాలదు.