బెంజీన్ నీటిపై ఎందుకు తేలుతుంది?

విశాఖ ఉక్కు కర్మాగారంలో బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి, బ్లాస్ట్ ఫర్నేసుకు కావలసిన కోక్‌ను తయారుచేస్తారు. అప్పుడు వెలువడే వాయువును చల్లబరచి, ఒక ప్రత్యేకమైన నూనెతో కడిగితే అందులోని బెంజీన్ ఆ నూనెలో కరుగుతుంది. తరువాత ఆ నూనెను కాచి బెంజీన్‌ను వేరుచేస్తారు. నీళ్ళలాగే రంగులేని ఈ ద్రవాన్ని నీటిలో పోస్తే మాత్రం, అది కలవకుండా పైన వేరే పొరగా నిలుస్తుంది. ఎందుకు?

పులుసు మీద నూనె తేలినట్టే ఇదీ జరుగుతుంది. లీటరు నీరు సుమారు 1000 గ్రాములు తూగితే, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు బెంజీన్ దాదాపు 880 గ్రాములే తూగుతుంది. ఇలా నిర్ణీత పరిమాణంలో ఎంత పదార్థం ఉందో తెలిపే కొలతను సాంద్రత అంటారు; అది నీటికంటే తక్కువ కనుకే బెంజీన్ పైన తేలుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకుంటూ, అలాంటి ఆకర్షణ లేని బెంజీన్ అణువులను తమలో కలవనివ్వవు.

1825లో మైకేల్ ఫారడే కనుగొన్న ఈ పదార్థపు అణువులో 6 కార్బన్ పరమాణువులు వలయంగా చేరి, ఒక్కొక్కటి ఒక హైడ్రోజన్‌ను పట్టుకొని ఉంటాయని 1865లో రసాయన శాస్త్రవేత్త కెకూలె వివరించాడు. వలయంలోని కొన్ని ఎలక్ట్రాన్లను ఆరు కార్బన్లూ సమానంగా పంచుకోవడం వల్ల అది సులభంగా విడిపోదు. అందుకే రసాయన చర్యల్లో సాధారణంగా వలయం చెదరకుండా, హైడ్రోజన్ స్థానంలోకి మరొకటి వచ్చి చేరుతుంది. కార్బన్ పాలు ఎక్కువ కనుక బెంజీన్ దట్టమైన మసితో మండుతుంది.

మండుతున్న బెంజీన్‌పై నీళ్ళు చల్లితే అది నీటిపై తేలుతూ మంటను మరింత దూరం వ్యాపింపజేస్తుంది, కాబట్టి దానిని నురుగుతో ఆర్పుతారు. దీర్ఘకాలం పీలిస్తే రక్త క్యాన్సర్ కలిగించే దీని ఆవిరి నుంచి కార్మికులను కాపాడాలంటే, బెంజీన్‌ను మూసిన గొట్టాల్లో, ట్యాంకుల్లోనే ఉంచడం తప్పనిసరి.