తెల్లబంతి ఎందుకు ఆగలేదు? పూల్ బల్లపై జారుడు, దొర్లుడు చలనాలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు
• క్యూతో కొట్టిన బిందువును బట్టి తెల్లబంతి చలనం ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
• జారుడు చలనం దొర్లుడు చలనంగా మారే క్రమాన్ని లెక్కించగలుగుతారు.
• అభిఘాతం తరవాత తెల్లబంతి ఆగడానికి, ముందుకు పోవడానికి, వెనక్కి రావడానికి కారణాలు చెప్పగలుగుతారు.

1. పరిచయం

సమాన ద్రవ్యరాశి గల రెండు గోళాలలో ఒకటి నిశ్చలంగా ఉంది. రెండోది వచ్చి దాన్ని ముఖాముఖిగా, స్థితిస్థాపకంగా ఢీకొంటే, ఢీకొన్న గోళం ఆగిపోతుంది. నిశ్చలంగా ఉన్నది అదే వేగంతో కదులుతుంది. ఇది మీరు ఇంటర్మీడియట్‌లో చదివినదే.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ పాఠం చెప్పిన మర్నాడు ఒక విద్యార్థి వచ్చి, "సార్, పూల్ బల్ల మీద చేసి చూశాను. తెల్లబంతి ఆగలేదు, ముందుకే పోయింది. పుస్తకం తప్పా?" అని అడిగాడు. "ఘర్షణ వల్ల అయ్యుంటుంది" అని చెప్పి పంపేశాను. ఘర్షణ బంతిని ఆపాలి గాని ముందుకు ఎందుకు నడుపుతుంది అని అతడు తిరిగి అడిగి ఉంటే, ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబే ఈ పాఠం.

2. ఆటగాడి చేతిలో ఉన్నవి

పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు, ద్రవ్యరాశి సుమారు 170 గ్రాములు. క్యూ కొసన తోలు టిప్ ఉంటుంది. ఈ టిప్ బంతిని తాకి ఉండే కాలం సెకనులో దాదాపు వెయ్యో వంతు మాత్రమే. ఆ తరవాత బంతిపై ఆటగాడికి ఏ అదుపూ ఉండదు. కాబట్టి అతడు నిర్ణయించగలిగేవి మూడే: దిశ, వేగం, టిప్ తాకే బిందువు. మొదటి రెండింటి సంగతి అందరికీ తెలుసు. కొత్తవారు పట్టించుకోనిది మూడోది.

కేంద్రం నుంచి సుమారు సగం వ్యాసార్ధం, అంటే 14 మిల్లీమీటర్ల కన్న దూరంగా కొడితే టిప్ జారిపోతుంది. టిప్‌కు చాక్ రాసేది ఘర్షణ పెంచి ఈ జారడాన్ని నివారించడానికే.

3. ఎక్కడ కొడితే ఏమవుతుంది?

క్యూ ఇచ్చే ప్రచోదనం బంతికి రేఖీయ వేగాన్ని ఇస్తుంది. అది కేంద్రం గుండా పోకపోతే భ్రమణాన్ని కూడా ఇస్తుంది. ఘనగోళపు జడత్వ భ్రామకం ద్రవ్యరాశి, వ్యాసార్ధ వర్గాల లబ్ధంలో 2/5 వంతు. దీన్నిబట్టి కేంద్రానికి వ్యాసార్ధంలో 2/5 వంతు పైన (సుమారు 11.4 మిల్లీమీటర్లు) కొడితే బంతి మొదటి క్షణం నుంచే జారకుండా దొర్లుతుంది.

సరిగ్గా కేంద్రం మీద కొడితే బంతికి తొలుత భ్రమణం ఉండదు. గుడ్డ మీద జారుతుంది. ఘర్షణ వెనక్కి పనిచేస్తూ రేఖీయ వేగాన్ని తగ్గిస్తుంది, అదే సమయంలో బంతిని ముందుకు తిప్పుతుంది. రేఖీయ వేగం తొలి వేగంలో 5/7 వంతుకు తగ్గేసరికి జారుడు ముగిసి దొర్లుడు మొదలవుతుంది. కేంద్రానికి కింద కొడితే బంతి వెనక్కి తిరుగుతూ ముందుకు జారుతుంది. ఘర్షణ ముందు ఆ వెనుక భ్రమణాన్ని చంపి, తరవాత ముందు భ్రమణాన్ని ఇస్తుంది.

4. జారే దూరం

ఘర్షణ గుణకం 0.2, తొలి వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుందాం. కేంద్రం మీద కొట్టిన బంతి జారే కాలం సుమారు 0.29 సెకను, జారే దూరం సుమారు అర మీటరు. అంటే అర మీటరు దాటేసరికి ఆ బంతి పూర్తిగా దొర్లుతూ ఉంటుంది.

5. విద్యార్థి ప్రశ్నకు జవాబు

దొర్లుతూ వచ్చిన తెల్లబంతి రెండో బంతిని ముఖాముఖిగా ఢీకొంటే రేఖీయ వేగం మొత్తం రెండో బంతికి పోతుంది. కాని నున్నటి బంతుల మధ్య ఘర్షణ స్వల్పం కాబట్టి భ్రమణం తెల్లబంతిలోనే మిగిలిపోతుంది. క్షణకాలం నిలిచిన చోటే తిరుగుతున్న బంతి అడుగుభాగం గుడ్డను వెనక్కి నెడుతుంది. గుడ్డ బంతిని ముందుకు నెడుతుంది. ఆదర్శ స్థితిలో అది పాత వేగంలో 2/7 వంతుతో మళ్లీ దొర్లుతుంది. ఇక్కడ బంతిని ముందుకు నడిపింది ఘర్షణే.

పుస్తకం తప్పు కాదు. "భ్రమణం లేకుండా" అన్న నియమాన్ని నేను చెప్పకుండా వదిలేశాను. ఆ విద్యార్థి బంతులను దూరదూరంగా పెట్టి ఉంటాడు. తెల్లబంతి ఆగాలంటే ఢీకొనే క్షణంలో దానికి భ్రమణం ఉండకూడదు. రెండు బంతులు బాగా దగ్గరగా ఉంటే కేంద్రం మీద కొట్టినా చాలు. దూరం పెరిగేకొద్దీ ఇంకా కింద గాని, ఇంకా గట్టిగా గాని కొట్టాలి. ఢీకొనేటప్పటికి వెనుక భ్రమణం మిగిలి ఉంటే తెల్లబంతి వెనక్కి వస్తుంది.

6. పక్కగా తగిలినప్పుడు

ముఖాముఖిగా కాక పక్కగా తగిలితే, భ్రమణం లేని తెల్లబంతి రెండో బంతి మార్గానికి దాదాపు 90 డిగ్రీల కోణంలో పోతుంది. దొర్లుతూ వచ్చినదైతే ఆ మార్గంలో మొదలై, ముందుకు వంగుతుంది. రెండో బంతిలో సుమారు సగభాగానికి తగిలేలా కొట్టినప్పుడు తెల్లబంతి తన తొలి మార్గం నుంచి 30 డిగ్రీలకు కొంచెం ఎక్కువగా పక్కకు తిరుగుతుంది. తెల్లబంతి పాకెట్‌లో పడుతుందా లేదా అన్నది ఆటగాళ్లు ఈ రెండు కోణాలతోనే ముందుగా అంచనా వేస్తారు.

ఈ విషయాలు కొత్తవి కావు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త కొరియోలిస్ 1835లోనే బిలియర్డ్స్ ఆటపై ఒక గణిత గ్రంథం ప్రచురించాడు. మీరు భూభ్రమణం పాఠంలో చదివే కొరియోలిస్ బలం ఈయన పేరు మీదే ఉంది.

7. సారాంశం

టిప్ తాకే ఎత్తు తెల్లబంతికి తొలి భ్రమణాన్ని ఇస్తుంది. గుడ్డ ఘర్షణ దారిలో దాన్ని మారుస్తుంది. ఢీకొనే క్షణంలో మిగిలిన భ్రమణమే ఆ తరవాతి గమనాన్ని నిర్ణయిస్తుంది. ఒక సూత్రం బల్ల మీద తప్పినట్లు కనిపిస్తే, ముందుగా దాని నియమాలన్నీ పాటించామా అని చూడండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పై లెక్కలో తొలి వేగం సగమైతే జారే దూరం ఎంత? (జవాబు: సుమారు 12.5 సెంటీమీటర్లు)
2. దొర్లుతున్న తెల్లబంతి ముఖాముఖి అభిఘాతం తరవాత కూడా ముందుకు ఎందుకు పోతుందో మీ సొంత మాటల్లో రాయండి.
3. పూల్ బల్ల అందుబాటులో లేకపోతే, క్యారమ్ బిళ్లలతో ఈ ప్రయోగం ఎందుకు కుదరదో ఆలోచించండి. (సూచన: బిళ్ల దొర్లుతుందా?)