ఉమ్మడి అనంతపురం జిల్లాలో పర్యాటకం

ఉమ్మడి అనంతపురం జిల్లా ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని రాయలసీమకు చెందిన కరువు పీఠభూమి. 1882లో బళ్ళారి జిల్లా నుండి వేరుపడిన ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజించబడినది. లేపాక్షి, పెనుకొండ, పుట్టపర్తి, కదిరి, ధర్మవరం, హేమావతి, తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లాలోను, తాడిపత్రి, గుత్తి, రాయదుర్గం అనంతపురం జిల్లాలోను ఉన్నవి. ఈ ప్రాంతానికి సందర్శకులను రప్పించడానికి ఉపయోగపడుతున్న పద్ధతులు, వాటి ఫలితాలు, పరిమితులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకొనుటవలన, తూర్పు తీరానికి దూరమగుటచే ఈశాన్య ఋతుపవనాలు పూర్తిగా చేరకపోవుటవలన ఇక్కడ వర్షం తక్కువ. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. వర్షాధారంగా పండే వేరుశనగ చాలాకాలంగా ఇక్కడి ప్రధాన పంట. వాన తప్పిన ఏడు పంట చేతికి రాక, అనేక కుటుంబాలు పనికోసం బెంగళూరు వంటి నగరాలకు వలసపోవుట ఈ ప్రాంతంలో పరిపాటి. అందుచేత వానతో నేరుగా ముడిపడని ఉపాధికి ఇక్కడ ప్రాముఖ్యం ఎక్కువ. పరిశ్రమలతోపాటు పర్యాటకం కూడా అటువంటి ఉపాధిగా పరిగణించబడుతున్నది.

సందర్శకులను రప్పించే సంస్థలు

ఒక నగరానికి సభలను, సందర్శకులను తీసుకురావడమే పనిగా ఏర్పడిన మొదటి సంస్థ అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో 1896లో మొదలైనది. ఇటువంటి సంస్థలను కన్వెన్షన్ బ్యూరోలు అంటారు. ఇవి హోటళ్ళను నడపవు, సభలను స్వయంగా జరపవు. సభ జరుపదలచిన సంఘాలను ముందుగానే కలిసి, తమ నగరంలోని సభామందిరాలు, బస, ప్రయాణ సౌకర్యాలను వివరించి, ఇతర నగరాలతో పోటీపడి ఆ సభను తమ ఊరికి తెస్తాయి. తరువాత హోటళ్ళు, వాహనాలు, ప్రభుత్వ శాఖల మధ్య సమన్వయం కూర్చుతాయి.

సభలకు వచ్చే ప్రతినిధులపై ఇంత శ్రద్ధ చూపడానికి మూడు కారణాలు ఉన్నవి. వారు వచ్చే తేదీలు చాలా ముందుగానే తెలుస్తాయి. సాధారణ యాత్రికులు తక్కువగా వచ్చే నెలలలో కూడా సభలు జరుపవచ్చును. ప్రతినిధి సాధారణంగా రెండు మూడు రాత్రులు బస చేస్తాడు.

భారతదేశంలో కేంద్ర పర్యాటక శాఖ ప్రోత్సాహంతో 1988లో ఇండియా కన్వెన్షన్ ప్రమోషన్ బ్యూరో ఏర్పడినది. తెలుగునాట ఈ పద్ధతికి ముఖ్య ఉదాహరణ హైదరాబాదు. అక్కడి అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో 2006లో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2010లో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు జరిగినవి. నగరానికి సభలను తెచ్చే పనికై హైదరాబాదు కన్వెన్షన్ విజిటర్స్ బ్యూరో ఏర్పడినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఈ సౌకర్యాలు తెలంగాణలో ఉండిపోయినవి.

అనంతపురం ప్రాంతంలో ప్రచారం, వసతి, రవాణా పనులు ప్రధానంగా 1976లో స్థాపించబడిన రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ ద్వారాను, జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా పర్యాటక మండలి ద్వారాను జరుగుతాయి. రక్షిత కట్టడాల సంరక్షణ భారత పురావస్తు సర్వేక్షణ శాఖది. ఆలయాలలో పూజాదికాల నిర్వహణ దేవాదాయ శాఖకు చెందుతుంది. కనుక ఒకే ఆలయం దగ్గర చిన్న సౌకర్యం కల్పించాలన్నా ఒకటికి మించిన శాఖలు కూడిరావలసి ఉంటుంది.

పుట్టపర్తి అనుభవం

పెద్ద సభలవలన ఒక పల్లె ఎట్లు మారగలదో చూపే ఉదాహరణ చిత్రావతి ఒడ్డునగల పుట్టపర్తి. ఇక్కడ 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయం ప్రారంభమైనది. సత్యసాయి బాబా జన్మదినోత్సవాలకు, ముఖ్యంగా 1985లో జరిగిన 60వ, 1995లో జరిగిన 70వ జన్మదినోత్సవాలకు, దేశవిదేశాలనుండి భక్తులు పెద్దసంఖ్యలో వచ్చారు. 1990లో విమానాశ్రయం, 1991లో ఉన్నత వైద్యశాల, 2000లో రైలు స్టేషను ఏర్పడినవి. ఏ ప్రభుత్వ ప్రచార సంస్థ పూనికా లేకుండానే ఊరిలో వసతి గృహాలు, భోజనశాలలు, అద్దె వాహనాలు, దుకాణాలు వెలసినవి.

ఇంతమంది వచ్చే చోట నీరు ప్రధాన సమస్య. 1990 దశకం మధ్యలో సత్యసాయి ట్రస్టు చేపట్టిన త్రాగునీటి పథకం ఒక్క పుట్టపర్తికే పరిమితం కాక జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు విస్తరించినది. సందర్శకులకొరకు కల్పించే సౌకర్యం స్థానికులకు కూడా అందవలెననుటకు ఈ పథకాన్ని ఉదాహరణగా చెప్పవచ్చును.

2011 ఏప్రిల్ 24న సత్యసాయి బాబా మరణించిన తరువాత సందర్శకుల రాక తగ్గి, వారిపై ఆధారపడిన వ్యాపారాలు దెబ్బతిన్నవి. 2025 నవంబరులో జరిగిన శతజయంతి ఉత్సవాలకు మళ్ళీ పెద్దసంఖ్యలో జనం వచ్చారు. ఒకే ఆకర్షణపై ఆధారపడిన ఊరికి లాభం ఎంతో, అపాయం కూడా అంతే అని ఈ చరిత్రవలన తెలుస్తున్నది.

లేపాక్షి ఉత్సవాలు

హిందూపురానికి సుమారు 15 కి.మీ. దూరంలోగల లేపాక్షిలో వీరభద్రస్వామి ఆలయాన్ని 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. ఏకశిలా నంది, ఏడు పడగల నాగలింగం, వ్రేలాడే స్తంభం, పైకప్పు మీది వర్ణచిత్రాలు ఇక్కడి విశేషాలు. నంది పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు.

2016 ఫిబ్రవరిలోను, మరల 2018లో మార్చి, ఏప్రిల్ నెలల సంధిలోను రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడ రెండురోజుల చొప్పున లేపాక్షి ఉత్సవాలు జరిపినది. సంగీత, నృత్య కార్యక్రమాల ద్వారా క్షేత్రం పేరును వ్యాపింపజేయుట, యాత్రికుని రెండవరోజు కూడా నిలుపుట ఇటువంటి ఉత్సవాల ప్రయోజనం. 2022లో లేపాక్షి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినది. 2024 జనవరి 16న ప్రధానమంత్రి నరేంద్ర మోడీ ఆలయాన్ని సందర్శించారు.

ఇతర దర్శనీయ స్థలాలు

తిమ్మమ్మ మర్రిమాను: కదిరి సమీపంలో సుమారు 5 ఎకరాలలో విస్తరించిన మర్రిచెట్టు. 1989లో గిన్నిస్ గ్రంథంలో నమోదైనది.
పెనుకొండ: 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని. కోట, గగన్ మహల్ చూడదగినవి.
తాడిపత్రి: పెన్నా తీరాన బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊరిలో చింతల వేంకటరమణాలయం శిల్పకళకు పేరుపొందినవి.
గుత్తి: కొండకోట. మరాఠా సేనాని మురారిరావు ఏలిన చోటు.
హేమావతి: నొళంబ పల్లవుల రాజధాని. నల్లరాతి శిల్పాలకు ప్రసిద్ధి.

రాత్రి బస సమస్య

బెంగళూరు సమీపంలో ఉండుట ఈ ప్రాంతానికి అనుకూలమూ, ప్రతికూలమూ కూడా. బెంగళూరు నుండి లేపాక్షి సుమారు 120 కి.మీ. జాతీయ రహదారిపై కొడికొండ చెక్‌పోస్టు వరకు వచ్చి హిందూపురం దారి పట్టినచో చేరవచ్చును. ఉదయం బయలుదేరి ఆలయం, నంది చూచి రాత్రికి తిరిగి ఇల్లు చేరగలుగుటవలన చాలామందికి ఇక్కడ బస చేయవలసిన అవసరం కలుగదు. అటువంటి యాత్రికుని ఖర్చులో పెద్దభాగం బయలుదేరిన నగరంలోనే మిగిలిపోతుంది. ఊరికి దక్కేది వాహనం నిలిపే రుసుము, ఒక పూట భోజనం, కొబ్బరికాయ వెల మాత్రమే.

కనుక వచ్చినవారి సంఖ్యకన్న, వారు గడిపిన రాత్రుల సంఖ్యయే ఇక్కడ సరియైన కొలమానం. లేపాక్షి, పెనుకొండ, పుట్టపర్తి, కదిరి, తిమ్మమ్మ మర్రిమానులను ఒకే యాత్రగా కలిపినచో రెండురోజులు అవసరమవుతాయి. విడివిడిగా చూచినప్పుడు చిన్నవిగా కనిపించే స్థలాలకు కూడా అప్పుడు సందర్శకులు లభిస్తారు. ఇందుకు మంచి దారులు, మార్గసూచికలు, శిక్షణ పొందిన గైడులు, శుభ్రమైన మరుగుదొడ్లు ముఖ్యావసరాలు. 2024 డిసెంబరులో ప్రకటించిన రాష్ట్ర పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చినది.

హస్తకళలు

ధర్మవరం పట్టుచీరలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు ఈ ప్రాంతపు ప్రధాన హస్తకళలు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించినది. తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గిన తరువాత కళాకారులు అదే తోలుపై దీపపు తెరలు, గోడ అలంకరణలు చేసి అమ్ముతున్నారు. ఆలయం చూచి వెంటనే తిరిగిపోయే యాత్రికుడు ఈ ఊళ్ళకు రాడు. బస చేసినవారు వచ్చినప్పుడే నేతగాడికి, బొమ్మల కళాకారునికి నేరుగా అమ్మకం జరుగుతుంది.

పరిమితులు

కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నూతన నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి అవసరం. అందుచేత లేపాక్షి వంటి చోట్ల వసతులు ఆలయానికి ఎడంగా ఏర్పడవలసి ఉన్నది. వర్ణచిత్రాలు తాకిడికి, తేమకు పాడయ్యే స్వభావం కలవి. వేసవిలో భూగర్భజలాలు అడుగంటే పీఠభూమిలో ప్రతి కొత్త హోటలు గదికి నీటి లెక్క కూడా చూడవలసినదే. గ్రామాల బోర్లను ఎండగట్టే పర్యాటకం ఇక్కడి కరువును తీర్చదు.