మోసుకెళ్తే చాలదు, దారి వెయ్యాలి

కొన్నేళ్ళ క్రితం మేము సేవ చేస్తున్న సంఘంలో కొత్త మందిర ప్రతిష్ఠ జరిగింది. వాననీళ్ళు లోపలికి రాకూడదని పునాది మూడడుగులు లేపాము. మెట్లకు గ్రానైట్ వేయించాము. ఆ రోజు చక్రాల కుర్చీలో వచ్చిన ఒక సహోదరిని నలుగురు యౌవనస్థులు కుర్చీతో సహా ఎత్తి లోపలికి తెచ్చారు. అందరం సంతోషించాము. ఫొటోలు కూడా తీశారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు ఆమె ఆరాధనకు రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, "అయ్యగారూ, ఎత్తేవాళ్ళు దొరికిన రోజే నేను దేవుని సన్నిధికి రావాలా? అందరూ చూస్తుండగా అలా ఎత్తుతుంటే నాకు సిగ్గుగా ఉంటుంది" అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆమెను రావద్దని మేమెవరమూ అనలేదు. అయినా రాకుండా చేసింది మేమే. వివక్ష ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ద్వేషం ఉండదు, తిట్టు ఉండదు, ఆరు మెట్లు ఉంటాయి.

ఈ సంగతి మన దేశపు చట్టం స్పష్టంగా గుర్తించింది. రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా వివక్ష చూపరాదని చెప్పింది గాని వైకల్యం మాట పేరుపెట్టి చెప్పలేదు. 2006లో ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2007లో భారతదేశం దాన్ని ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంటే, ఇది 21 రకాలను గుర్తించింది.

ఈ చట్టంలో అసలైన మాట ఒకటుంది. అవసరమైన తగిన సదుపాయం కల్పించడానికి నిరాకరించడం కూడా వివక్షే. అందరినీ ఒకేలా చూశామంటే సరిపోదు. చేయి కదలని విద్యార్థికి రాసిపెట్టే మనిషిని ఇవ్వకుండా "అందరికీ మూడు గంటలే" అంటే అది సమానత్వం కాదు. అయితే చట్టం అసాధ్యమైనది అడగదు. మోయలేని భారం కానంతవరకు మార్పు చేయమంటుంది. ఆ భారం నిజమైనదా, మన బద్ధకమా అన్నదే ప్రశ్న.

మన ఆర్టీసీలోనే జరిగిన ఒక సంగతి చూడండి. 2014లో ఉద్యోగంలో చేరిన ఒక డ్రైవరుకు రంగులు సరిగా తెలియవని వైద్య పరీక్షలో తేలింది. 2016లో ఆయనను ఉద్యోగం నుంచి పంపేశారు. వేరే పని ఇమ్మని ఆయన అడిగారు. ఆ వ్యాజ్యం తెలంగాణ ఆర్టీసీ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 ఆగస్టు 1న కోర్టు ఆయనకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలనీ, బకాయిల్లో 25 శాతం చెల్లించాలనీ తీర్పు చెప్పింది. బస్సు నడపలేని మనిషి డిపోలో మరే పనికీ రాడా అని ముందు వెతకవలసింది యాజమాన్యమే.

అలా వెతికితే ఏమవుతుందో మనకు దగ్గరలోనే సాక్ష్యముంది. చిత్తూరు వాళ్ళకు పెద్ద జబ్బు చేస్తే మొదట గుర్తొచ్చేది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల. అక్కడి యువ వైద్యురాలు మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని కాళ్ళు చచ్చుబడ్డాయి. డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెను ఇంటికి పంపలేదు. కూర్చుని చేయగల శస్త్రచికిత్స వైపు నడిపించారు. ఆమె చక్రాల కుర్చీలోనే ఉండి కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆమె కృషితో 1966లో వేలూరులో పునరావాస కేంద్రం వెలిసింది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ప్రియులారా, ఇది మనకు కొత్త బోధ కాదు. తన నాలుక మందమని మోషే వెనుకాడినప్పుడు దేవుడు అతన్ని పిలుపు నుంచి తప్పించలేదు, మాట్లాడడానికి అహరోనును తోడిచ్చాడు. కపెర్నహూములో ఆ నలుగురు పక్షవాయువు గలవాణ్ణి మోసుకెళ్ళి ఊరుకోలేదు, దారి లేదని ఇంటి కప్పే విప్పారు. మేము మోయడం దగ్గరే ఆగిపోయాము. ఇక పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు ప్రభువు. అయినా ఈనాటికీ కొన్ని స్వస్థత కూడికల్లో నడవలేని బిడ్డ తల్లిని "నీకు విశ్వాసం చాలదమ్మా" అని ఏడిపిస్తున్నారు. స్వస్థత కోసం ప్రార్థిద్దాం. అంతవరకూ ఆ బిడ్డ గడప బయట ఉండనక్కర్లేదు.

ఇది సంఘానికి వర్తించదనుకోవద్దు. 2016 చట్టం ప్రజలు వచ్చిపోయే భవనాలను నిర్వచిస్తూ ప్రైవేటు భవనాలనూ, మతపరమైన కార్యక్రమాలు జరిగే చోట్లనూ చేర్చింది. ఉన్న భవనాలను మార్చుకోవడానికి ఇచ్చినది నియమాలు వచ్చాక ఐదేళ్ళు. నియమాలు వచ్చింది 2017లో. మన తిరుపతి కొండ మీద వృద్ధులకూ దివ్యాంగులకూ ప్రత్యేక దర్శన ఏర్పాటు ఎన్నాళ్ళుగానో ఉంది. పొరుగువారిని చూసైనా మనం నేర్చుకోవాలి.

చేయవలసినవి పెద్దవేమీ కావు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున వాలుబాట వేయించండి. మరుగుదొడ్డి తలుపు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుగా పెట్టించండి. చూపు తగ్గినవారికి పెద్ద అక్షరాల పాటల పుస్తకం ఇవ్వండి. సంస్కారపు బల్ల దగ్గరికి రాలేనివారి దగ్గరికే రొట్టె, పాత్ర తీసుకెళ్ళండి. అన్నిటికంటే ముందు, ఏం కావాలో వారినే అడగండి. మన బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే దివ్యాంగులు తగిన సదుపాయం అడిగితే దాన్ని దయగా కాదు, బాకీగా చూడండి. ఎక్కడైనా అన్యాయం జరిగితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేసుకోవచ్చని వారికి తెలియజెప్పండి.

మా మందిరం పక్కన ముప్పై ఆరడుగుల వాలుబాట వేయించాము. బండ్లు నిలిపే చోటు కొంత పోయిందని గొణిగినవారున్నారు. ఆ సహోదరి మాత్రం ఎవరినీ పిలవకుండా తనంతట తానే వస్తోంది. ఒక్కో ఆదివారం మిగతావారిలాగే ఆలస్యంగా కూడా వస్తోంది.