ఫోనులోని పరారుణ దీపమునకు పాలకుడు

2013 అక్టోబరున గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ 4.4ను విడుదల చేసినపుడు, అందలి నూతన విశేషముల నడుమ కన్స్యూమర్ ఐఆర్ మేనేజర్ అను చిన్న సాఫ్ట్‌వేర్ అంగ మొకటి జన్మించినది. ఆ యేటనే శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4, హెచ్‌టీసీ వన్ అను ఫోనులు పరారుణ దీపమును ధరించి విపణికి వచ్చియుండెను. కాని దానిని వెలిగించు పద్ధతిని ఏ సంస్థకా సంస్థ వేఱుగా కల్పించుకొనుటచే, ఒకదానికై వ్రాసిన యాప్ మఱియొకదానిలో నిరుపయోగ మగుచుండెను. ఈ అవ్యవస్థను తొలగించుటకే యిది పుట్టినది.

ఫోనున ప్రసారిణి కలదా, అది యే పౌనఃపున్యములలో పనిచేయును అను ప్రశ్నలకు సమాధాన మిచ్చుటయు, కోరిన క్రమమున దీపమును వెలిగించి యార్పుటయు తప్ప దీనికి వేఱు విద్య రాదు. ఆ కడపటి విద్యయే దీని ప్రాణము.

సూర్యుడు, విద్యుద్దీపములు, తుదకు మన దేహము సైతము పరారుణమును వెదజల్లుచుండగా, టీవీ తనకై వచ్చిన కిరణము నెట్లు గుర్తించును? 1955లో జెనిత్ సంస్థకై యూజీన్ పాలీ నిర్మించిన ఫ్లాష్‌మాటిక్ అను రిమోటు కంటికి గోచరించు వెలుతురుతో పనిచేయుటచే, గదిలో ఎండ పడినప్పుడు టీవీ భ్రమకు లోనయ్యెడిది. ఆ చిక్కు తీరుటకు నేటి రిమోటులు తమ కిరణమును పెక్కింట సెకనుకు 38,000 మారులు స్పందింపజేయును. గ్రాహకము ఆ లయను మాత్రమే స్వీకరించి తక్కిన వెలుగును త్రోసిపుచ్చును. ఆజ్ఞలను పంపు సంకేత భాషలలో ఒకటైన ఎన్ఈసీ పద్ధతిలో మొదట 9 మిల్లీసెకనుల వెలుగు, 4.5 మిల్లీసెకనుల చీకటి, పిదప 32 బిట్లు వెలువడును. ప్రతి బిట్టును సుమారు 560 మైక్రోసెకనుల వెలుగుతో ప్రారంభమగును, వెనువెంటనే వచ్చు చీకటి అంతయే యున్న సున్న, మూడింతలున్న ఒకటి. ఆజ్ఞను ఒకమారు నేరుగను, మఱియొకమారు సున్నలను ఒకట్లుగా, ఒకట్లను సున్నలుగా మార్చియు పంపుటచే, నడుమ దొర్లిన దోషము పట్టుబడును. ఎంత చక్కని జాగ్రత్త!

ఇట్టి సంకేత భాషలలో ఒక్కటియు మన అంగమునకు తెలియదు. యాప్ ఇచ్చిన వాహక పౌనఃపున్యమును (కిరణము స్పందించు లయను), మైక్రోసెకనులలో చెప్పిన వెలుగుచీకట్ల కొలతలను అక్షరశః పాటించుటయే దాని ధర్మము. రెండు సెకనులకు మించిన క్రమమును మాత్ర మది స్వీకరింపదు. తొలినాళ్లలో కొన్ని ఫోనులు మైక్రోసెకనులకు మాఱుగా స్పందనల సంఖ్యను కోరుటచే యాప్ కర్తలు శ్రమపడిరి. అయినను ఏ భాషకును కట్టుబడని యీ నిరాడంబరతయే దాని గొప్పతనమని నా నిశ్చయము: రిమోటు పోయిన పాత ఏసీ సైతము, సంకేతము తెలిసినచో, దీని మాట వినును. ఒక్కటే లోపము. ఇది పంపగలదే గాని గ్రహింపలేదు. కావున పాత రిమోటును చూపి నేర్పుటకు వీలులేదు, సంకేతముల పట్టికను యాపే మోయవలెను.

పలు సంస్థలు ఆ దీపమును విడిచిపెట్టినవి. షావోమీ ఫోనులలో పెక్కింట నేటికిని కలదు. ఇంట పాత యంత్రములు గలవారు క్రొత్త ఫోను కొనునపుడు పై అంచున ఆ చిన్న నల్లని గాజు కలదో లేదో చూచి మఱి కొనవలెను.