బిడ్డలకు గుడ్లగూబలను చూపుట

రైతుబిడ్డ ఐదాఱేండ్ల ప్రాయమునకే కాకిని, కొంగను, పాలపిట్టను, గోరువంకను చూచి పేరు చెప్పగలడు. గుడ్లగూబ మాటవచ్చునప్పటికి పెద్దలు వాని నోరు మూయింతురు. అది ఇంటిపై వ్రాలిన ఇల్లు పాడుపెట్టవలెననియు, కూసిన చావు వచ్చుననియు బిడ్డ ముందుగా వినును. పక్షిని పిదప చూచును. పదేండ్లు నిండునప్పటికి వాని చేతికి రాయి వచ్చుట వింతగాదు. మన గాదెలోని ధాన్యమును తిను ఎలుకలను రాత్రియెల్ల వేటాడు ప్రాణిని మన బిడ్డయే కొట్టి చంపుచున్నాడు.

మేము గడచిన చలికాలమున హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాకలో బంధువుల యింట కొన్ని దినములుంటిమి. లాల్ దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడల చెంతనున్న ఆ పేటలో ఇండ్లు ఒకదాని నొకటి ఒరసికొని యుండును. అచట గూబలెక్కడివని చదువరులు తలంపవచ్చును. ఎదుటి పాతగోడ తొఱ్ఱలో పైడికంటెల జత యొకటి కాపురముండెను. ప్రొద్దుగ్రుంకగానే రెండును కరెంటుతీగపై చేరి, కయ్యమాడుచున్నట్లు కిచకిచ కూయుచుండెను. వీధిపిల్లలను నలుగురైదుగురిని పిలిచి చూపితిమి. “మామయ్యా, అది దయ్యమా?” అని యొక చిన్నది యడిగెను. చూచి నీవే చెప్పుమంటిమి. అంతలో పక్షి దీపస్తంభము క్రిందికి దూకి, రెక్కపురుగు నొకదానిని పట్టుకొని పోయెను. “దయ్యము పురుగులు తినదు” అని ఆ పిల్లయే తీర్పుచెప్పెను. ఇంటి పెద్దమ్మ మాత్రము, “సందెవేళ దాని పేరెత్తకు నాయనా” అని మందలించెను. మేము వాదమునకు దిగలేదు. మఱునాడు పిల్లలు పైడికంటె తల యెగురవేయు తీరును అభినయించి చూపగా ఆమెయు నవ్వెను.

కావున బిడ్డలకు నేర్పుట పైడికంటెతోనే మొదలుపెట్టుట మేలు. చీకటి పడకమున్నే కనబడును. జేనెడు పక్షి గనుక భయము గొలుపదు. గోధుమవన్నె ఒంటిపై తెల్లచుక్కలు, కన్నులు పసుపుపచ్చన. పేరే గుర్తు చెప్పుచున్నది: పైడివంటి కన్ను గలది. గ్రీకు దేశమున అథెన్సు నగరవాసులు దీని దాయాది పక్షిని తమ దేవత అథీనాకు ప్రియమైనదిగా నెంచి వెండినాణెములపై ముద్రించిరి. ఆ దేవత పేరే మన పైడికంటెకును శాస్త్రనామములో చేరినది.

రెండవది తెల్లగూబ. దీనిని చావుపిట్ట యని పిలుచుట వాడుక. ఈ పేరు పెట్టినవా రెవరోగాని పక్షికి చేసిన యన్యాయము స్వల్పము కాదు. పొడవు అడుగునకు కొంచెము మించును. మొగము తమలపాకువలె నుండునని చెప్పిన బిడ్డ మఱువడు. పాడుకోటలు, గుడిగోపురములు, పాతబావుల గూళ్లు దీని యిండ్లు. పామువలె బుసకొట్టుటయు, గీపెట్టుటయు దీని భాష. దానికే మనవారు జడియుదురు. దీని చెవులలో ఒకటి కొంచెము పైకిని, ఒకటి క్రిందికిని ఉండును. అందుచేత గడ్డిలో ఎలుక కదలిన సవ్వడి ఏ దిక్కునుండి, ఎంత లోతునుండి వచ్చినదో కారుచీకటిలోనైనను పోల్చుకొనును. ఈకల యంచులు మెత్తన, ఎగురునపుడు చప్పుడుండదు.

తెలంగాణపు రాతిగుట్టలలో పెద్దగూబ గలదు. తలపై కొమ్ములవలె నిలిచియుండునవి ఈకలేగాని చెవులు గావు. చెఱువుగట్టున కాళ్లపై ఈకలులేని గూబ కనబడిన అది చేపలను, పీతలను తిను జాతి. ఇవి బిడ్డలకు తఱచు కనబడవు. నగరమునకు వచ్చినపుడు 1963లో తెఱచిన నెహ్రూ జంతుశాలకు తీసికొనిపోవచ్చును. అందు రాత్రించరప్రాణులకు ప్రత్యేకశాల గలదు. గూబకు దివాంధమను పేరుండుటచే పగలు కన్ను కానదని కొందఱు పంతుళ్లు నేటికిని చెప్పుచున్నారు. అది సరికాదు, పగలును చూడగలదు. కనుగ్రుడ్లు త్రిప్పలేదు గనుక మెడను త్రిప్పును.

బొమ్మలకంటె, కథలకంటె పిల్లలను కట్టివేయునది గూబ యుమియు ఉండ. తెల్లగూబ ఎలుకను నమలక చాలవఱకు మ్రింగివేయును. అరుగని వెండ్రుకలు, ఎముకలు కడుపులో ఉండగా చుట్టుకొనగా, దానిని నోటినుండి వెలికి విడుచును. అది వ్రాలు చోటి క్రింద ఇట్టివి దొరకును. వానిని పెద్దలే పుల్లతో నెత్తి, గోరువెచ్చని నీటిలో నానవేసి, తెల్లకాగితముపై విప్పవలెను. చూచువాఱైనను పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఉండలో ఎలుక పుఱ్ఱె, దవడలు, వంకర ముందుపండ్లు బయటపడును. ఒక్క ఉండలో రెండు మూడు పుఱ్ఱెలుండుటయు గలదు. బిడ్డను లెక్కింపుమనవలెను. ఆ లెక్కకు మించిన ఉపన్యాసము మాకు తెలియదు. (పందికొక్కు అను మన తెలుగుమాటనే ఇంగ్లీషువారు బాండికూట్ అని తీసికొనిరి; ఆ జంతువు చేయు నష్టము మనకే మిగిలినది.)

పుఱ్ఱెలు లెక్కించిన పిల్లవాడు, మన పొలమునకు ఈ పక్షి వచ్చునా యని తండ్రి నడుగును. వరిమడిలో అక్కడక్కడ పక్షిస్థావరములుగా కఱ్ఱలు నాటిన అది వ్రాలి వేటాడును. వెన్ను గట్టిపడునపుడు గింజ తిను పిట్టలు రాకుండ వానిని తీసివేయుట మంచిది. తొఱ్ఱగల ముసలిచెట్టును కట్టెలకై కొట్టరాదు. మలయాలో పామాయిలు తోటలవారును, ఇజ్రాయేలు రైతులును తెల్లగూబలకు పెట్టెలు కట్టి గూళ్లు కల్పించిరి. బ్రోమడయోలోన్ వంటి మందు తిన్న ఎలుకను గూబ తిన్నచో ఆ విషము దానికిని సోకును. కావున చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చవలెను.

దీపావళి వచ్చినపుడు క్షుద్రపూజలకై గూబలను పట్టి అమ్మువారు గలరు. 2010లో ట్రాఫిక్ ఇండియా సంస్థ ప్రకటించిన నివేదికలో 15 జాతుల గూబలు మన దేశమున వర్తకమునకు గుఱియగుచున్నట్లు తేలినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు నేరమే. జాలిపడి కొని విడుచుటయు కూడదు. ఆ రొక్కముతో వేటకాడు మఱియొక పక్షిని పట్టును.

గూటినుండి జాఱిన పిల్ల బిడ్డలకు దొరకినచో, ఇంటికి తెచ్చి పాలు పోయనీయరాదు. దెబ్బ తగులనిదైన గుడ్డతో నెత్తి ఆ తొఱ్ఱలోనో, దగ్గఱి కొమ్మపైనో ఉంచి దూరముగా తొలగవలెను. చీకటిపడిన పిమ్మట తల్లిదండ్రులు వచ్చి మేపును. రెక్క విఱిగియున్నచో గాలిపోవు అట్టపెట్టెలో నుంచి అటవీశాఖవారికి అప్పగింపవలెను.