మోటారు బండిలో రబ్బరు కాలిన వాసన: కారణములు, నివారణోపాయములు

ఒకప్పుడు రైతు వాకిట ఎడ్లబండి మాత్రమే యుండెడిది. ఇప్పుడు మన సభ్యులలో పలువురకు ట్రాక్టరులును, కొందరకు కారులును గలవు. ఎద్దు కుంటినచో వెంటనే బండి నాపి గిట్టను చూచు రైతు, కారులో మాడువాసన వచ్చినపుడు మాత్రము "ఇంక నాలుగు కిలోమీటర్లే గదా" యని పోనిచ్చుచున్నాడు. ఇందువలని నష్టమును మేము స్వయముగా చూచితిమి.

గడచిన వేసవిలో ఒక రైతు మిత్రుని కారులో విత్తనముల కొరకు పట్టణమునకు పోవుచుంటిమి. ఇంజను వైపునుండి కీచుమను ధ్వనియు, దానివెంట రబ్బరు మాడిన వాసనయు వచ్చెను. "ఆపుదమా?" యని ఆయన యడిగెను. దుకాణము మూయుదురను తొందరచే, పోనిమ్మని చెప్పినవారము మేమే. కొంత దూరము పోవునప్పటికి బెల్టు తెగెను. దానితో తిరుగు నీటి పంపు నిలిచెను. ఇంజను మితిమీరి కాగి చెడెను. క్రొత్త బెల్టుతో తీరవలసిన పని, ఆయన యెరువులకై దాచుకొనిన సొమ్మును మ్రింగివేసెను. ఆ తప్పు మాది. మరియొకరికి అట్టి నష్టము రాకుండుటకై దీనిని వ్రాయుచున్నాము.

మొదట చేయవలసినది బండిని నిలుపుట. రోడ్డు ప్రక్కన శుభ్రమైన నేలపై నిలుపవలెను. ఎండుగడ్డి మీద నిలుపరాదు, వేడెక్కిన సైలెన్సరువలన గడ్డి అంటుకొనవచ్చును. ఇంజను నాపి, అందరును దిగవలెను. బానెట్టు సందులనుండి పొగ దట్టముగా వచ్చుచున్నచో దానిని ఎత్తరాదు. గాలి తగిలి మంట పెరుగును. దూరముగా తొలగి, 101 లేక 112 నంబరునకు ఫోను చేయవలెను. ఇంజను కాగియున్నప్పుడు రేడియేటరు మూత తీసినచో మరుగునీరు పైకి చిమ్మి ఒడలు కాలును.

పైరు ఎండినపుడు, ఆకు కొననుండి ఎండెనా, మొదటినుండి ఎండెనా యని చూచి తెగులును గుర్తింతుము గదా! ఇచ్చటను అట్లే వాసన ఎప్పుడు వచ్చెను, ఎచ్చటనుండి వచ్చెను అను రెండు ప్రశ్నలు వేసికొనవలెను.

1. ముందువైపునుండి కీచుధ్వనితో వచ్చినచో, బెల్టు జారుచున్నదని అనుమానింపవలెను. ఇంజను నాపి, తాళపుచెవి తీసి, చల్లారిన పిమ్మట చూడుడు. బెల్టు అంచులు పీచులు లేచినను, లోపలివైపు పగిలినను, అద్దమువలె నునుపెక్కినను మార్చవలెను. పాత తరహా బెల్టును పొడవైన భాగమున బొటనవ్రేలితో నొక్కినపుడు సుమారు అర అంగుళము దిగుట తగిన బిగువు. నేటి కార్లు పెక్కింటిలో ఆ బిగువును స్ప్రింగు గల కప్పీయే చూచుకొనును. బెల్టుమీద నూనె పడుచున్నచో మొదట ఆ కారుటను మాన్పవలెను. ఏదేని కప్పీ బిగిసి తిరుగకున్నచో, క్రొత్త బెల్టు వేసినను అదియు మాడిపోవును.

2. ఒక చక్రము చెంతనే వాసన వచ్చినచో బ్రేకు పట్టుకొని యున్నదేమో చూడవలెను. హ్యాండుబ్రేకు విడువక నడుపుటయే తరచుగా కారణము. చక్రమును ముట్టక, చేతిని దగ్గరగా నుంచినచో వేడి తెలియును. కాగిన బ్రేకుపై నీళ్లు పోసినచో ఇనుము పగులవచ్చును, వంగవచ్చును, దానంతట చల్లారనీయవలెను. ఘాటు దిగునపుడు బ్రేకునే నమ్మక, తక్కువ గేరులో దిగుట మేలు.

3. బురదలో గాని, ఎత్తు ఎక్కునపుడు గాని వాసన వచ్చి, ఇంజను మ్రోత హెచ్చినను బండి వేగము హెచ్చకున్నచో, అది క్లచ్చి మాడుట. క్లచ్చి పెడలుపై ఎల్లప్పుడు కాలు మోపియుంచు అలవాటు దీనికి మూలము. ట్రాక్టరు నడుపువారికిని ఈ మాట వర్తించును.

4. బరువెక్కించినపుడు మాత్రమే వచ్చినచో టైర్లను చూడవలెను. గాలి తగ్గిన టైరు మిక్కిలి వేడెక్కును. స్ప్రింగు క్రుంగినచో టైరు మడ్గార్డునకు రాసికొనును. రాచిన గుర్తు కంటికి కనబడును.

5. కన్నులు మండించు ఘాటైన వాసన వచ్చినచో తీగలపై తొడుగు కాలుచున్నదని తలచి, వెంటనే తాళము త్రిప్పి ఆపవలెను. పొగ లేనిచో, తెలిసినవారు బ్యాటరీ మైనసు తీగను విప్పవచ్చును. ధాన్యపు కొట్ల చెంత నిలుపు బండ్లలో ఎలుకలు తీగలను కొరుకుట మనమెరిగినదే. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని అంతకంటె పెద్దది వేయరాదు. అప్పుడు ఫ్యూజునకు మారుగా తీగయే కాలును.

6. రోడ్డుమీద నూర్పిడికై పరచిన ఉలవ, కంది కట్టెలపై బండి నడచిన పిమ్మట వాసన వచ్చినచో, క్రిందికి వంగి చూడవలెను. కట్టెయు పొట్టును ఇరుసునకు చుట్టుకొని, సైలెన్సరునకు తగిలి అంటుకొనును. ఇట్లు బండ్లు కాలిపోవుట కలదు. కావున రోడ్డుపై పంట పరచుట మానవలసినదిగా సభ్యులను వేడుచున్నాము.

హ్యాండుబ్రేకు విడుచుట, టైర్లకు గాలి పట్టించుట, బెల్టును చూచుట, చల్లారిన బండి క్రింది కట్టెను తీయుట రైతు స్వయముగా చేయదగిన పనులు. బ్రేకు, క్లచ్చి, తీగల మరమ్మతు మెకానిక్కునకే విడువవలెను. అతనితో "వాసన వచ్చుచున్నది" అని మాత్రము చెప్పిన చాలదు. ఎప్పుడు, ఏ వైపునుండి, ఏ ధ్వనితో వచ్చెనో చెప్పినచో వెదకుకాలమును, అనవసరపు ఖర్చును తగ్గును.

ఆనాడు మేము చేరకమునుపే దుకాణము మూయబడెను. విత్తనములు మరునాడు బస్సులో పోయి తెచ్చుకొంటిమి. ఒక్క పూట ఆగినను పోవునది ఏమియు లేకుండెనని అప్పుడు తెలిసికొంటిమి.